ముగ్గురు సుల్తానుల అడవి

కౌలాలంపూర్‌లో కాపురమున్నవాళ్ళకు చుట్టాల తాకిడి ఎక్కువ. వచ్చేవాళ్ళ జాబితా ఎప్పుడూ ఒకటే: జంట టవర్లు, బటు గుహల సుబ్రహ్మణ్యేశ్వరుడు, గెంటింగ్ కొండ, ఓపికుంటే లంకావి. ఈమధ్య దానికి ఇంకోటి చేరింది. "మనిషి అడుగు పడని అడవి ఉందటగా, ఫోను మోగని చోట రెండు రోజులు పడి ఉండాలి" అంటున్నారు. ఉంది. పేరు తమన్ నెగరా. తప్పకుండా వెళ్ళండి. ఫోను కూడా చాలావరకు మోగదు. నా పేచీ అల్లా ఆ "మనిషి అడుగు పడని" అన్న ముక్కతోనే. అది నమ్మి వచ్చినవాళ్ళకు ఈ దేశ చరిత్రలో సగం కళ్ళముందే ఉండి కనపడదు. ఈ ఒక్క అడవి ఎలా మిగిలిందో తెలియాలంటే, చుట్టూ ఉన్నదాన్ని ఎవరు ఎందుకు నరికారో తెలియాలి. నరికిన చేతుల్లో మనవీ ఉన్నాయి.

దారిలోనే కథ మొదలవుతుంది. నగరం దాటి తితివాంగ్సా కొండలెక్కి దిగితే పహంగ్ రాష్ట్రం. తెమెర్లో మీదుగా జెరంటుట్ చేరడానికి కారులో మూడు గంటల దాకా పడుతుంది. కిటికీ బయట చాలా దూరం ఒకటే పచ్చదనం. కొత్తగా వచ్చినవాళ్ళు "అబ్బ, ఏం అడవి!" అని ఫోటోలు తీస్తుంటారు. అది అడవి కాదు, పామాయిల్ తోట. చెట్టుకూ చెట్టుకూ మధ్య కొలిచి పెట్టిన ఎడం, కింద నరికిన మట్టలు వరుసగా పేర్చి ఉంటాయి. పామాయిల్ తోటలున్న ఉమ్మడి పశ్చిమ గోదావరి వాళ్ళకు ఇదంతా వివరించి చెప్పక్కర్లేదు. ఇక్కడి నూనె మన కాకినాడ రేవుదాకా వచ్చి, మన బజ్జీల బాణలిలోకి చేరుతూనే ఉంది. జెరంటుట్ కింద జెంగ్కా అనే ప్రాంతాన్ని 1960లు, 70లలో ఫెల్డా అనే ప్రభుత్వ సంస్థ కొట్టించి, భూమిలేని గ్రామీణ కుటుంబాలకు తోటలుగా పంచింది. పేదవాడికి నేల దక్కింది, అడవి పోయింది. దీన్ని తప్పని అనడానికి నాకు నోరు రాదు, ఒప్పని ఊరుకోవడానికీ మనసొప్పదు.

పడమటి తీరంలోనైతే నరుకుడు అంతకు చాలా ముందే జరిగింది. అక్కడి కారణం రబ్బరు. 1876లో హెన్రీ విక్హామ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలు ఓడకెత్తి లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. మొలకెత్తినవి కొద్దిపాటివే. మరుసటి ఏడు వాటిలో 22 మొక్కలు సింగపూర్ వచ్చాయి. పదేళ్ళకు పైగా వాటిని పట్టించుకున్నవాడు లేడు. 1888లో సింగపూర్ బొటానిక్ గార్డెన్‌కు వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టును చంపకుండా పాలు తీసే కిటుకు కనిపెట్టాడు. బెరడు మీద ఏటవాలుగా సన్నని గీత పెట్టాలి. మళ్ళీ కోతకు ఆ గీత కింది అంచునే పలచగా చెక్కాలి. కత్తి కాస్త లోతుకు దిగిందా, కొయ్యకు తగిలి చెట్టుకు మచ్చపడుతుంది, ఆ చోట ఇక సరిగ్గా పాలు రావు. ఎండెక్కితే పాలు ఆగిపోతాయి కాబట్టి తెల్లవారకముందే పని మొదలవ్వాలి. రిడ్లీ కనపడిన ప్రతి దొరకూ గింజలిచ్చి నాటమని ప్రాణం తీసేవాడట, అందుకే "పిచ్చి రిడ్లీ" అని పేరు. 1896లో మలక్కా దగ్గర టాన్ చే యాన్ అనే చైనీయుడు మొదటి వాణిజ్య తోట వేశాడు. ఆ తరవాత అమెరికాలో మోటారు కార్లు పెరిగాయి, టైర్లకు రబ్బరు కావాల్సి వచ్చింది, బ్రిటిష్‌వాళ్ళ ఏలుబడిలో మలయా అనిపించుకున్న ఈ దేశపు అడవికి మూడింది.

దొరలకు భూమి దొరికింది, పెట్టుబడి దొరికింది, చేతులు దొరకలేదు. స్థానిక మలయ్ రైతుకు సొంత పొలం ఉంది, తెల్లవారుజామునే లేచి ఇంకొకడి చెట్టు గీయాల్సిన ఖర్మ లేదు. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ మీద కన్ను పడింది. కంగాణీలు అనే మేస్త్రీలు ఊళ్ళమీద పడి, అడ్వాన్సు డబ్బు చేతిలో పెట్టి, మద్రాసు, నాగపట్నం రేవుల్లో జనాన్ని ఓడలెక్కించారు. ఎక్కువమంది తమిళులు. వాళ్ళ వెనకే విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళూ కదిలారు. పెరాక్ రాష్ట్రం కొసన సముద్రం ఒడ్డున బాగన్ డాటో అనే చోట కొబ్బరి తోటల్లో ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. మలయా ఆంధ్ర సంఘం 1955లోనే, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం రాకముందే పుట్టింది. నాలాంటి కంప్యూటర్ బాపతు వాళ్ళం నిన్న మొన్న దిగినవాళ్ళం.

బాగన్ డాటో పక్క ఊళ్ళో ఒక పెద్దాయన నాతో అన్న మాట చెబుతాను. "మా తాత ఒచ్చినప్పుడు ఇదంతా అడివే బాబూ. పగలు చెట్లు కొట్టడం, రాత్రి పులికి బయపడి లైన్లో తలుపేసుకోడం. మీరేమో డబ్బులిచ్చి అడివికెల్తున్నారు," అని నవ్వాడు. ఆయన పుట్టింది కూలీల వరస ఇళ్ళలోనే, వాటినే లైన్లు అంటారు. అడవి అంటే ఆయనకు సెలవుల మాట కాదు. మలేరియా, పాము, మేస్త్రీ.

కూలీల వలస ఆగింది 1938లో. రబ్బరు ధర పడిపోయి జీతాలు కోశారని, భారత ప్రభుత్వం మలయాకు కూలీలను పంపడం నిషేధించింది. సరిగ్గా ఆ 1938, 39లలోనే పహంగ్, కెలంటన్, తెరెంగాను సుల్తానులు ముగ్గురూ తమ తమ రాజ్యాల్లో వేరు వేరుగా చట్టాలు చేసి, మూడు రాజ్యాలూ కలిసే కొండల దగ్గర 4,343 చదరపు కిలోమీటర్ల అడవిని నరక్కుండా వదిలిపెట్టారు. మన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం కంటే పెద్దది. దానికి పెట్టిన పేరు మాత్రం ఐదో జార్జి చక్రవర్తిది. స్వాతంత్ర్యం వచ్చాకే తమన్ నెగరా అయింది, అంటే జాతీయ ఉద్యానం.

దీనివెనక పట్టుబట్టి తిరిగినవాడు థియొడోర్ హబ్బక్. ఆయన అన్న ఆర్థర్ హబ్బక్ కౌలాలంపూర్ రైల్వే స్టేషన్‌నూ, మస్జిద్ జమెక్‌నూ గీసిన వాస్తుశిల్పి. మీ ఫోటోల్లో ఎటూ ఉంటాయవి. తమ్ముడు ప్లాంటరు, అంతకుమించి వేటగాడు. 1905లో ఏనుగుల వేట, అడవిదున్నల వేట మీద ఏకంగా పుస్తకం రాశాడు. కాల్చగా కాల్చగా ఎప్పుడో మనసు మారింది. 1930లో వన్యప్రాణుల మీద వేసిన కమిషన్ బాధ్యత తీసుకుని మలయా అంతా తిరిగి సాక్ష్యాలు సేకరించాడు. ఏనుగులు తోటలు తొక్కేస్తున్నాయని దొరలు, పైరు పోతోందని రైతులు గోల పెడుతున్నా, ముగ్గురు సుల్తానుల చుట్టూ తిరిగి ఒప్పించాడు. వేటగాడు ఋషి అయ్యాడంటే మనకు వాల్మీకి గుర్తుకు రావడం సహజమే. నేనైతే అంతదూరం వెళ్ళను. ఆ కొండలు నిటారుగా ఉన్నాయి, రోడ్డు లేదు, తోట వేస్తే గిట్టదు. ఎవరికీ డబ్బు రాని చోటు కాబట్టే ఆ సంతకాలు సులువయ్యాయని నా అనుమానం. అయినా పెట్టించినవాడు పెట్టించాడు. అది పెద్ద సంగతే.

మూడేళ్ళు తిరగకుండా యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరు 8న జపాను సైన్యం కోటా బహ్రూ ఒడ్డున దిగింది, 1942 ఫిబ్రవరి 15కి సింగపూర్ పడిపోయింది. హబ్బక్ ఆ 1942లోనే పోయాడు. జెరంటుట్ మీదుగా పోయే రైలు మార్గం అడవిని చీల్చుకుంటూ 1931లో పూర్తయింది. జపానువాళ్ళు అందులో చాలా దూరం పట్టాలు పీకి తాము వేస్తున్న సయాం-బర్మా రైలు మార్గానికి పట్టుకుపోయారు. పట్టాలతో పాటు తోటల్లోంచి మనుషుల్నీ పట్టుకుపోయారు. తమిళులు వేలల్లో, వాళ్ళతో తెలుగువాళ్ళూ. అక్కడ చచ్చిపోయిన ఆసియా కూలీల లెక్క పదుల వేలల్లో ఉంటుంది. ఆ రైలు మార్గం మీద సినిమా వచ్చింది మాత్రం తెల్ల యుద్ధఖైదీల గురించి.

యుద్ధం పోయాక ఎమర్జెన్సీ వచ్చింది. అదంటే మనకు 1975. ఇక్కడ ఆ మాటకు అర్థం 1948 నుంచి 1960 దాకా పన్నెండేళ్ళు. అడవిలో ఉండి జపానువాళ్ళ మీద పోరాడిన కమ్యూనిస్టులే మళ్ళీ తుపాకీ పట్టి బ్రిటిష్‌వాళ్ళ మీదికి తిరిగారు. వాళ్ళకు తిండి అందకుండా చేయాలని 1950లో బ్రిగ్స్ ప్రణాళిక కింద అడవి అంచుల్లో ఉన్న సుమారు ఐదు లక్షల మందిని, ప్రధానంగా చైనీయులను, కంచె వేసిన కొత్త ఊళ్ళలోకి తోలారు. దాదాపు అవే రోజుల్లో గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి రోడ్ల పక్కకు తెచ్చిన సంగతి తెలంగాణ పోరాట చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. ఇక్కడి ఆదివాసులకూ అదే జరిగింది. ఒరాంగ్ అస్లి అని వీళ్ళను కలిపి పిలుస్తారు. చల్లని కొండల్లోంచి దించి వేడి మైదానాల శిబిరాల్లో పెడితే జబ్బు చేసి ఎందరో పోయారు. అప్పుడుగానీ సర్కారుకు తెలివి రాలేదు. శిబిరాలు తగ్గించి, అడవిలోపలే కోటలు కట్టి, మందులు, ఉప్పు ఇచ్చి మంచి చేసుకోవడం మొదలెట్టారు. ఆదివాసుల కోసం 1954లో వచ్చిన చట్టం, ఇప్పటికీ అమల్లో ఉన్నది, ఆ యుద్ధావసరంలో పుట్టిందే.

ఇక ఆ సెలవుల సంగతి. జెరంటుట్ దగ్గర కువాలా తెంబెలింగ్ రేవులో సన్నటి పొడుగాటి చెక్క పడవ ఎక్కితే రెండున్నర, మూడు గంటలు నదికి ఎదురు వెళ్ళాలి. రోడ్డూ పడింది గానీ పడవే మేలు. కువాలా తహాన్ చేరాక ఇవతలి గట్టున ఊరు, నీళ్ళమీద తేలే హోటళ్ళు. అవతలి గట్టున అడవి. కెమెరాకు కూడా చీటీ తీసుకోవాలి.

జంతువులు బారులు తీరి కనిపిస్తాయని ఆశపడకండి. ఈ దేశం మొత్తంలో పులులు 150 కంటే తక్కువని 2022లో ప్రభుత్వమే చెప్పింది. ఇక్కడ చూపు ఇరవై అడుగులు దాటదు, చెవులే పనిచేస్తాయి. కనిపించేది జలగ. బాట పక్క ఆకు కొసన నిలబడి, మన ఒంటి వెచ్చదనం తగిలేసరికి అటూ ఇటూ ఊగుతూ వెతుక్కుంటుంది. అదాటున సాక్సు మీదికి వస్తుంది, కుట్టినట్టే ఉండదు, తీసేశాక మాత్రం నెత్తురు ఆగదు. జంతువులు నాకడానికి వచ్చే ఉప్పు నేలలకు ఎదురుగా బుంబున్ అనే మంచెలు కట్టారు. రాత్రి అందులో దీపం లేకుండా కూర్చోవాలి. మేం కూర్చున్న రాత్రి నడిజాము దాటాక టపిర్ అనే జంతువు ఒకటి వచ్చింది: ముందు నలుపు, నడుముకు తెల్ల పంచె చుట్టి వెనక బిగించినట్టు. బురద నాకి, తాపీగా వెళ్ళిపోయింది. మా పక్క బెంచీ మీద నిద్రపోయినవాళ్ళకు పొద్దున చెబితే నమ్మలేదు.

గట్టున నదిమీదికి వాలిన పెద్ద చెట్లలో చాలావరకు మన గుగ్గిలం చెట్టు కుటుంబానివే, నెరాం అంటారు. అవి నిలిచి ఉండటం కూడా దైవికం కాదు. 1970ల్లో తెంబెలింగ్ నదికి ఆనకట్ట కట్టి ఈ లోయను ముంచాలనుకున్నారు. ప్రకృతి సంఘాలు ఏళ్ళ తరబడి అడ్డం పడితే 1980ల్లో ఆ పథకం మూలపడింది. మలేషియాలో నేల, అడవి రాష్ట్రాల చేతిలో ఉంటాయి, కేంద్రం మాట సాగేది తక్కువ. పేరుకు జాతీయ ఉద్యానమే, కాగితం మీద ఇవాళ్టికీ మూడు రాష్ట్రాల మూడు చట్టాలు. ఉద్యానం గీత దాటగానే రాష్ట్రం ఇష్టం.

ఈ అడవిలో మనుషులున్నారు, ముందునుంచీ ఉన్నారు: బటెక్‌లు. ఆకులు కప్పిన వాలు పాకల్లో కొన్నాళ్ళుండి, దుంపలు, వేట తగ్గగానే ఇంకో చోటికి పోతారు. 1970ల్లో వాళ్ళ మధ్య ఉండి వచ్చిన మానవశాస్త్రవేత్తలు కిర్క్, కారెన్ ఎండికాట్ దంపతులు తమ పుస్తకానికి పెట్టిన పేరే గుంపు పెద్ద ఒక ఆడమనిషి అని చెబుతుంది. కొట్టుకోవడం వాళ్ళలో మహా తప్పు. కొన్ని జంతువులను చూసి వెక్కిరిస్తే గోబర్ అనే ఉరుముల దేవుడికి కోపం వస్తుంది, గాలివాన విరుచుకుపడుతుంది. ఉద్యానంలో వాళ్ళను ఉండనిస్తున్నారు, తమ తిండికి వేటాడుకోనిస్తున్నారు. నేల మీద హక్కు మాత్రం రాసివ్వలేదు. ఉద్యానానికి కెలంటన్ వైపు వాకిట్లోనే, పామాయిల్ తోటల మధ్య ఇరుక్కున్న కువాలా కో అనే బటెక్ ఊళ్ళో 2019లో పదిమందికి పైగా చనిపోయారు. ఏదో అంతుపట్టని రోగమన్నారు ముందు. చివరికి తేలింది తట్టు. మామూలుగా ఊళ్ళలో ప్రతి పిల్లకూ టీకా వేయించే రోగమే అది.

మీ ప్యాకేజీలో "ఆదివాసీ గ్రామ సందర్శన" అని ఒక పూట ఉంటుంది. బటెక్ కుర్రాడు పుల్లలు రాజేసి నిప్పు పుట్టిస్తాడు, వెదురు ఊదుగొట్టంతో బొమ్మకు గురిచూసి కొడతాడు, మీ చేతా కొట్టిస్తాడు. బాగుంటుంది, వద్దనను. పడవ బేరమాడేటప్పుడే ఒక మాట అడగండి: ఈ డబ్బులో ఆ ఊరికి వెళ్ళేదెంత అని. రింగిట్లలో లెక్క చెప్పినవాడితో వెళ్ళండి. నవ్వి ఊరుకున్నవాణ్ణి వదిలేయండి, రేవులో పడవలకు కొదవ లేదు.