గడి దర్వాజ నుంచి షట్టర్ దాకా

ముస్తాబాద్, సిరిసిల్ల మొదలుకొని జగిత్యాల, కోరుట్ల వరకు పరచుకున్న మానేరు, గోదావరి నడిమి పల్లెల్లో, బండి ఎడ్లతో సహా లోపలికి పోయేంత వెడల్పైన తలుపు ఒకప్పుడు గడికి మాత్రమే ఉండేది. గడి అంటే దేశ్‌ముఖులు, దొరలు కాపురముండి, పన్ను వసూళ్లూ పంచాయితీలూ నడిపిన కోటవంటి భవంతి. దాని ముఖద్వారానికి రెండు నిలువెత్తు టేకు రెక్కలు, వాటి నిండా వరుసగా దిగిన ఇనుప గుబ్బలు, వెనుక గోడలోకి జరిపే అడ్డకర్ర ఉండేవి. పెద్ద రెక్కలో కోసి పెట్టిన చిన్న తలుపును దిడ్డి అంటారు. దొర సవారీ కచ్చురం, అంటే గూడు కట్టిన ఎడ్లబండి, వచ్చినప్పుడే పెద్ద రెక్కలు తెరిచేవారు. మిగతా వేళల్లో వచ్చిపోయేవారు ఆ దిడ్డిలోంచి తల వంచి దాటవలసిందే.

ఈ తలుపులకు మడతబందులు లేవు. రెక్క అంచు కర్రనే పైనా కిందా మొనలాగా చెక్కి, పై మొనను దర్వాజ పైకమ్మి రంధ్రంలోనూ, కింది మొనను కడప, అంటే గడప, పక్కన రాతిలో తొలిచిన గుంటలోనూ నిలిపేవారు. అంతటి బరువూ ఆ ఒక్క గుంట మీదే పడేది కనుక, అందులో దుమ్ము చేరి మొన అరిగిందంటే రెక్క వాలి నేలను రాసుకునేది. అందుకని గుంట ఊడ్చి ఆముదం పోయడం, అరిగిన మొనకు కమ్మరి చేత ఇనుప పొన్ను తొడిగించడం, వానలకు ఉబ్బిన అంచును వడ్రంగి చేత చిత్రిక పట్టించడం ఏటేటా తప్పని పనులయ్యాయి. ఇనుప పని తెలిసిన చేతులకు ఈ ప్రాంతంలో కొదువ లేదు. కోరుట్లకు పడమటి దిక్కున ఉన్న కోనసముద్రంలో కమ్మరులు తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారని 19వ శతాబ్ది తొలినాళ్లలో హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాసిపెట్టాడు. అంతటి నేర్పు గల కులాలవారే గడి తలుపు పనికి వచ్చేసరికి వెట్టి, అంటే కూలి లేని నిర్బంధపు చాకిరీ, చేయవలసి వచ్చింది. ఆ తలుపుల పనితనాన్ని మెచ్చుకునే వారెవరైనా ఈ సంగతిని పక్కన పెట్టి మెచ్చుకోవడం న్యాయం కాదు.

రైతు ఇంటి లెక్క వేరు. వడ్రంగి, కమ్మరి ఏడాది పొడుగునా నాగలి, గొర్రు, బండి బాగుచేసి పెట్టినందుకు కోతల తరువాత కల్లంలోనే ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దాన్ని మేర అంటారు. కొత్త దర్వాజ చేయిస్తే దాని కూలి వేరుగా మాట్లాడుకున్నా, గొళ్లెం వదులైతే బిగించడం, రెక్క దిగితే ఎత్తడం వంటి చిన్న పనులు ఆ రాకపోకల్లోనే తీరిపోయేవి. బండి ఇరుసుకు పెట్టే కందెన, అంటే కాల్చిన గడ్డి మసిని ఆముదంతో నూరిన ముద్ద, ప్రతి ఇంటా ఉండేది కనుక తలుపుకు చమురు వెతుక్కునే పని లేదు. పండుగనాడు కడప కడిగి పసుపు పూసే చేతులు చెదపురుగు మట్టిగీతను కూడా అప్పుడే గుర్తుపట్టేవి. మంచి టేకు, వేప దర్వాజలు రెండు మూడు తరాలు నిలవడానికి కర్ర గుణం ఎంత కారణమో, ఈ అలవాటు అంతకంటె ఎక్కువ కారణం.

1949లో జాగీర్లు రద్దయినా గడుల పెత్తనం వెంటనే పోలేదు. 1978 సెప్టెంబర్‌లో దొరల పెత్తనానికి ఎదురుగా రైతుకూలీలు జగిత్యాలలో జైత్రయాత్ర జరపడం, అక్టోబర్‌లో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం జరిగాక, దొరలు అనేకులు కరీంనగర్‌కో హైదరాబాద్‌కో తరలిపోయారు. వెట్టి పోయింది, పోవలసిందే. దానితోపాటు చమురు పోసే దిక్కు లేక చాలా గడుల తలుపులు వాలి చెదల పాలయ్యాయి.

అటు తరువాతి దశాబ్దాలలో గల్ఫ్ దేశాల నుంచి వలస కూలీలు పంపిన సొమ్ముతో స్లాబు ఇళ్లు లేచాయి, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, పెరిగాయి. రోడ్డు వైపు గదికి ఇనుప షట్టర్ పెట్టి, కిరాయికిచ్చే మడిగెగానో, అంటే దుకాణంగానో, ట్రాక్టరో కారో నిలిపే చోటుగానో వాడుకోవడం రివాజైంది. బండి నిలిపే చోటుకు ఇలా పైకి లేచే తలుపు అమెరికాలో అంతకు చాలా ముందే వచ్చింది. అక్కడ సి.జి. జాన్సన్ అనే అతను 1921లో పైకి లేచే గ్యారేజ్ తలుపును, 1926లో దాన్ని కరెంటుతో తెరిచే యంత్రాన్ని రూపొందించాడు. ఆ యంత్రాలతో నడిచే తలుపుల కింద పిల్లలు నలిగి చనిపోవడంతో, అడ్డం వస్తే తలుపు ఆగి వెనుదిరిగే ఏర్పాటు లేనిదే ఆ యంత్రాలను ఇళ్లకోసం తయారు చేయరాదన్న నిబంధన అక్కడ 1993 జనవరి నుంచి అమలైంది. అట్లాంటి తలుపులున్న అక్కడి ఇళ్లలో ఇవాళ తెలుగు కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి.

ఇక మన ఊళ్ల షట్టర్‌లో ఒకదానిలో ఒకటి చిక్కుకున్న ఇనుప పట్టీలు, అవి జారే పక్క గాడులు, పైన పైపుకు చుట్టిన స్ప్రింగులు ఉంటాయి. షట్టర్ దించినప్పుడు స్ప్రింగు బిగిసి దాని బరువును దాచుకుంటుంది, లేపినప్పుడు ఆ బలమే చేతికి సాయపడుతుంది. షట్టర్ నానాటికీ బరువెక్కుతోందంటే స్ప్రింగు సడలిందనో, గాడిలో మన్ను చేరిందనో, పట్టీ వంగిందనో అర్థం. కాలిన ఇంజను ఆయిల్ గాడుల్లో పోసే అలవాటు మేలు కంటె కీడే చేస్తుంది, ఎందుకంటే ఆ జిడ్డు దుమ్మును పట్టి గట్టి ముద్దగా మారుతుంది.

మేర పద్ధతి పోయాక షట్టర్‌ను చూసే బాధ్యత ఎవరికీ చేరలేదు. పూర్తిగా బిగుసుకుపోయాక వెల్డింగ్ షాపుకు కబురు పంపడమే మిగిలింది. నెలకోసారి గాడులు పొడి గుడ్డతో తుడవడం, స్ప్రింగుల మీద, తాళం కడ్డీల మీద పలుచని నూనె వేయడం, వానకాలానికి ముందు కింది పట్టీ తుప్పు గీకి రంగు వేయడం ఇంటివారే చేసుకోగల పనులు. బిగిసి ఉన్న స్ప్రింగు మాత్రం విడిపోతే చెయ్యి విరగ్గొడుతుంది. దాన్ని విప్పే పని తెలిసిన మేస్త్రీకే వదలాలి, అతనికి కూలి సరిగా ఇవ్వాలి.