మసిగుడ్డ నుంచి లేసు దాకా: ఇంటి అల్లికల చరిత్ర

పొయ్యి మీది వేడి గిన్నెను మీ ఇంట్లో దేనితో దించుతారు? పటకారుతోనో, మసిగుడ్డతోనో దించుతారు. ఐరోపా, అమెరికా వంటిళ్లలో ఇదే పనికి నూలు దారంతో అల్లిన చిన్న చదరపు గుడ్డను వాడడం చూస్తాం. కొక్కెం ఉన్న ఒకే ఒక్క సూదితో దీన్ని అల్లుతారు. ఆ అల్లికను క్రోషే అంటారు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు చిన్న కొక్కెం అని అర్థం. ఇంత చిన్న వస్తువుకు చరిత్ర పాఠంలో చోటెందుకో ఈ భాగం చదివాక మీరే చెప్పగలుగుతారు.

1. అల్లే విధానం

మొదట ముడి వేసి, జానెడు పొడవున గొలుసు కుట్లు వేస్తారు. ఆ కుట్లలోంచి దారం లాగుతూ వరుస మీద వరుస అల్లుతారు. చదరం పూర్తయ్యాక మేకుకు తగిలించడానికి మూలన ఒక ఉచ్చు వదులుతారు. అల్లిక బిగువుగా, వీలైతే రెండు పొరలుగా ఉండాలి. పొరల మధ్య నిలిచిన గాలి వేడిని త్వరగా చేతికి చేరనివ్వదు. దారం నూలుదే అయి ఉండాలి. యాక్రిలిక్ దారం వేడికి కరుగుతుంది.

2. కరువులో అన్నం పెట్టిన సూది

క్రోషే నమూనాలు ఐరోపాలో 19వ శతాబ్దం తొలి భాగం నుంచి అచ్చులో కనిపిస్తాయి. ఐర్లండులో 1845-52 మధ్య బంగాళాదుంప పంట తెగులుతో పోయి మహా కరువు వచ్చింది. అప్పుడు క్రైస్తవ సన్యాసినుల మఠాలు పేద స్త్రీలకు క్రోషే లేసు అల్లిక నేర్పాయి. ఆ లేసు అమ్మకంతో ఎన్నో కుటుంబాలు కరువును గట్టెక్కాయి.

3. గోదావరి తీరానికి రాక

అదే శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ విద్యను గోదావరి ప్రాంతానికి తెచ్చారు. మొదట క్రైస్తవం స్వీకరించిన పేద స్త్రీలు నేర్చుకున్నారు. తర్వాత, పొలం పనికి వెళ్లకపోవడాన్ని పరువుగా భావించే కాపు కుటుంబాల స్త్రీలకూ ఇది పాకింది. పశ్చిమ గోదావరిలోని నరసాపురం దీనికి కేంద్రమైంది. ఏజెంట్లు దారం తెచ్చి ఇంటింటికీ ఇస్తారు. ఒక ఇంట్లో పువ్వులు అల్లితే మరో ఇంట్లో వాటిని అతుకుతారు. కూలి అల్లినదాన్ని బట్టి ఉంటుంది. సరుకు విదేశాలకు వెళుతుంది.

4. లెక్కకు రాని శ్రమ

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970లలో ఈ స్త్రీలను అధ్యయనం చేసి, 1982లో పుస్తకం ప్రచురించారు. లక్షకు పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారని ఆమె అంచనా. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లినా, వ్యవసాయ కూలీ కంటే వారికి తక్కువే దక్కేది. వ్యాపారులు వారిని తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగానే చూశారు. జనాభా లెక్కల్లోనూ వారిలో అత్యధికులు శ్రామికులుగా నమోదు కాలేదు. 'తీరిక' అన్న ఒక్క మాట కూలిని తగ్గించింది, చరిత్రలో వారి చోటునూ తగ్గించింది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సరుకుకు వచ్చిన ఈ పేరు అల్లిన చేతులకు ఎంత మేలు చేస్తుందో గమనించవలసి ఉంది.

నా తరగతుల్లో విద్యార్థులను "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని అడిగేవాణ్ణి. చాలామంది "ఏమీ చేయరు సార్, ఇంట్లోనే ఉంటారు" అనేవారు. జనాభా లెక్కల కాగితం మీద పడిన పొరపాటే మన నోటా వస్తున్నదని అప్పుడు వారికి వివరించేవాణ్ణి. ఆధారాలు చదివేటప్పుడు అందులో ఎవరి పని రాయలేదో కూడా వెతకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఐర్లండులో క్రోషే లేసు వ్యాపించడానికి కారణమేమిటి?
2. నరసాపురం లేసు పనివారు జనాభా లెక్కల్లో ఎందుకు కనిపించలేదు?
3. మీ ఇంట్లో ఒక స్త్రీ ఒక రోజులో చేసే పనులను గంటలవారీగా రాయండి. వాటిలో దేనికి కూలి ఉంది?