ఫొటోలు లేని నలభై ఏళ్లు

ప్రత్యేక సంచికలకు మన దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రారంభోత్సవం నాటి నలుపు తెలుపు ఫొటో ఒకటి, జ్యోతి వెలిగిస్తున్న పెద్దలు, సంస్థ వల్ల మేలు పొందినవాళ్ల నాలుగు మాటలు, చివర దాతల పట్టిక. చెన్నైలోని ఆత్మహత్యల నివారణ సంస్థ 'స్నేహ' గురించి రాయబోతే ఆ పద్ధతిలో ముఖ్యమైన పేజీ ఖాళీగా మిగిలిపోతుంది. 1986 నుంచి ఇప్పటిదాకా అక్కడికి ఫోన్ చేసినవాళ్లెవరో సంస్థ చెప్పదు. ఏ ఊరివాళ్లు, ఏ కష్టంలో చేశారు, తర్వాత ఏమయ్యారు అన్నవీ చెప్పదు. ఆ కథలు ఫోన్ చేసినవాళ్ల సొత్తు. చెప్పాలనుకుంటే వాళ్లే చెప్పుకోవాలి.

అందుకని ఈ సంస్థ చరిత్రను దాని చుట్టూ మారిన సంగతుల్లో వెతుక్కోవాలి. చట్టంలో కొంత, పరీక్షల టైంటేబుల్లో కొంత, ఒక పరిశోధన అంకెల్లో కొంత కనిపిస్తుంది.

స్నేహను స్థాపించింది మానసిక వైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్. అప్పటికి చెన్నై ఇంకా మద్రాసే. ఫోన్ ఉన్న ఇల్లు వీధికొకటి. పక్కింటికి వెళ్లి, హాల్లో అందరి మధ్యా నిలబడి, చావాలనిపిస్తోందని ఎవరితోనైనా ఎలా చెప్పుకుంటారు? అంతకన్నా పెద్ద అడ్డంకి భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్. దాని ప్రకారం అప్పట్లో ఆత్మహత్యాయత్నం నేరం, శిక్ష ఏడాది వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. బతికి బయటపడ్డ మనిషి ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచేసరికి స్టేట్‌మెంట్ కోసం పోలీసు వచ్చేవాడు. ఇంటిల్లిపాదీ కలిసి అబద్ధం చెప్పేవారు, చూసుకోకుండా జరిగిపోయిందని. మన తెలుగు పేపర్లలో ఏళ్ల తరబడి కనిపించిన 'కడుపునొప్పి తాళలేక' అన్న మాట గుర్తుందా? జిల్లా పేజీ అడుగున రెండంగుళాల వార్త. ఎన్ని ఇళ్ల ఏ ఏ బాధలన్నీ ఆ ఒక్క కడుపునొప్పిలోకి దూరిపోయాయో! పరువు కోసం కొంత, పోలీసులంటే భయంతో కొంత ఆ మాట పుట్టింది.

అలాంటి రోజుల్లో ఒక గదిలో ఫోన్ పెట్టుకుని "మీ పేరు చెప్పక్కర్లేదు, మీరు చెప్పింది బయటికి పోదు" అనడం మామూలు మాట కాదు. గోప్యత ఆ సేవకు పునాది. అది లేకపోతే ఫోన్ మోగదు.

ఆ 309వ సెక్షన్ చాలా మలుపులు తిరిగింది. స్నేహ పుట్టిన 1986లోనే బొంబాయి హైకోర్టు అది చెల్లదంది. తర్వాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందంది. 1994లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1996లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం మళ్లీ నిలబెట్టింది. చివరికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చాక ఊరట దొరికింది. ఆ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. వేరేలా రుజువైతే తప్ప విచారణా ఉండదు, శిక్షా ఉండదు. ఆ మనిషికి వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. స్నేహ ముప్పై రెండేళ్ల ముందు నుంచీ చేస్తున్నది ఇదే. దెబ్బ తిన్న మనిషిని నేరస్తుడిగా చూడలేదు. ఈ విషయంలో చట్టం కన్నా కొద్దిమంది వాలంటీర్లే ముందు నడిచారు.

ఆ వాలంటీర్లు నడిచిన బాట లండన్‌లో మొదలైంది. దాని వెనక అంతకు ముందటి కథ ఒకటుంది. 1935లో ఇంగ్లండ్‌లోని లింకన్ అనే ఊళ్లో ఛాద్ వారా అనే యువ మతబోధకుడు తన మొదటి అంత్యక్రియలు జరిపించాడు. చనిపోయింది చిన్న పిల్ల. పెద్దమనిషి అయింది. అదేమిటో చెప్పేవాళ్లు లేక, తనకేదో సిగ్గుమాలిన రోగం వచ్చిందనుకుని ప్రాణం తీసుకుంది. పెద్దమనిషైతే ఊరంతా పిలిచి పేరంటం చేస్తాం కానీ, ఒంట్లో ఏం జరుగుతోందో పిల్లకు కూర్చోబెట్టి చెప్పడం మన ఇళ్లలోనూ తక్కువే. ఆ పిల్లకు కావలసింది అడిగితే కసరకుండా చెప్పే ఒక మనిషి. వారా దాన్ని మరిచిపోలేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 1953 నవంబరు 2న, లండన్ నగరం నడిబొడ్డున ఉన్న సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో 'మాన్ 9000' నంబరు మీద ఫోన్ పెట్టాడు. అక్కడా అప్పుడు ఆత్మహత్యాయత్నం నేరమే. 1961 వరకూ అది మారలేదు.

అసలు విశేషం ఆ తర్వాతి మూడు నెలల్లో జరిగింది. వారాతో మాట్లాడాలని వచ్చేవాళ్లు పెరిగిపోయారు. బయట గదిలో గంటల తరబడి కూర్చునేవారు. సాయానికి వచ్చిన మామూలు జనం వాళ్లకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని మాట కలిపేవారు. కొన్నాళ్లకు వారా ఒకటి గమనించాడు. లోపలికి పిలుపు వచ్చేలోపే చాలామంది మనసు తేలికపడి, ఇక ఆయనతో పని లేదని వెళ్లిపోతున్నారు. తను చదువుకున్న చదువు కన్నా ఆ టీ కప్పు పక్కన విన్న చెవి ఎక్కువ పని చేస్తోందని ఒప్పుకోవడానికి చాలా వినయం కావాలి. 1954 ఫిబ్రవరి 2న ఆయన ఆ వాలంటీర్లను పిలిచి పని వాళ్లకు అప్పగించాడు. వారా స్థాపించిన సమారిటన్స్ సంస్థ నిజంగా పుట్టింది ఆ రోజే అని నా అభిప్రాయం. ఇంగ్లీషులో ఈ పనికి పెట్టిన పేరు బిఫ్రెండింగ్. చెన్నైవాళ్లు దానికి పదం కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. తమ సంస్థ పేరే అది. తమిళుడికైనా తెలుగువాడికైనా విడమరచి చెప్పాల్సిన పని లేని పేరు.

ఇంతకీ ఫోనెత్తినవాళ్లు ఏం చేస్తారు? చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతూ మధ్యలో ఆగి "ఊఁ కొట్టు" అనేది. ఊఁ కొట్టకపోతే కథ ముందుకు సాగేది కాదు. ఫోనుకు ఈ చివర జరిగేది చాలావరకు అదే, కాకపోతే దానికి శిక్షణ కావాలి. ఎందుకంటే మనం పుట్టుకతో ఊఁ కొట్టం, సలహా ఇస్తాం. "నీకేం తక్కువ?", "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లను చూడు", "పిల్లల మొహం చూసైనా ధైర్యం తెచ్చుకో". ఇవన్నీ ప్రేమతో అనేవే. కానీ వినే మనిషికి తలుపు మూసినట్టుంటుంది. వాలంటీరు నేర్చుకునేది ఈ మాటలు నోటిదాకా వచ్చినా ఆపుకోవడం. తీర్పు చెప్పకుండా, దేవుణ్ణి గానీ వేదాంతాన్ని గానీ మధ్యలోకి తేకుండా, అవతల మౌనం వస్తే ఆ మౌనంలోనూ ఉండిపోవడం. అవసరమైనప్పుడు "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడం కూడా నేర్చుకోవాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ల భయం. ఆ భయం నిజం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే చాలామందికి ఊపిరి తిరిగినట్టవుతుంది. దాచుకున్న మాట మరొకరి నోట విన్నారు కదా!

ఇలా వినడం వల్ల నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అని అనుమానించేవాళ్లకు చెన్నై కూడా పాలుపంచుకున్న ఒక పరిశోధన జవాబు చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని తీసుకుంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దానితోపాటు గంటసేపు మాట్లాడటం, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో ఎలా ఉన్నారని పలకరించడం. 2008లో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో ఆత్మహత్య వల్ల చనిపోయినవారు 2.2 శాతం. పలకరింపు కూడా అందినవాళ్లలో 0.2 శాతం. ఆ పరిశోధకుల్లో లక్ష్మీ విజయకుమార్ ఒకరు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. తేడా అంతా "ఎలా ఉన్నారు?" అన్న ప్రశ్నలో, అది అడిగినవాళ్లు మళ్లీ అడగడానికి వస్తారన్న నమ్మకంలో ఉంది. 2004 సునామీలో తమవాళ్లను పోగొట్టుకున్న చెన్నై తీరపు కుటుంబాల దగ్గరికి వాలంటీర్లు వెళ్లినప్పుడూ చేసింది ఈ పలకరింపే.

ఇక పరీక్షలు. స్నేహ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇది. ఒకప్పుడు తమిళనాడులో పబ్లిక్ పరీక్షలో ఒక్క సబ్జెక్టు పోయినా ఏడాది పోయినట్టే. పదహారేళ్ల పిల్లకు ఏడాదంటే జన్మంత. ఫెయిలైన పరీక్షను కొద్ది వారాల్లోనే మళ్లీ రాయనివ్వాలని స్నేహ పట్టుబట్టింది, ప్రభుత్వం ఒప్పుకుంది. ఫలితాల రోజున "అయిపోయింది" అనుకునే పిల్లలకు "వచ్చే నెల మళ్లీ ఉంది" అన్న మాట దొరికింది. మన ఇంటర్, పదో తరగతి పిల్లలకున్న అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ విలువ కూడా అదే. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యల్లో పోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఇందులో ఏ ఒక్క మరణానికీ ఒకే కారణం ఉండదు. 'మార్కులు తక్కువ వచ్చాయని' అని హెడ్డింగు పెట్టే పత్రికా మిత్రులు అది గుర్తుంచుకోవాలి. ఆ హెడ్డింగు చదివే ఇంకో పిల్లకు అదో దారిలా కనిపించే ప్రమాదం ఉంది.

ఈ సేవకు లోటు లేదని కాదు. వాలంటీర్లు ఎప్పుడూ చాలరు. అర్ధరాత్రి ఫోన్ దొరకని ఊళ్లు, మన భాష పలకని నంబర్లు చాలాకాలం ఉన్నాయి. హైదరాబాద్‌లో రోష్ని సంస్థ ఇదే బాటలో తెలుగువాళ్ల మాట వింటోంది. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలి మానస్ ప్రారంభించాక ప్రభుత్వమే ఫోనెత్తడం మొదలుపెట్టింది. జీతం తీసుకునే కౌన్సెలర్లు, పైన వైద్యులు ఉన్న వ్యవస్థ అది. అది వచ్చింది కాబట్టి వాలంటీర్ల అవసరం తీరిందనుకోవడం పొరపాటు. జబ్బుకు వైద్యుడు కావాలి, ఒంటరితనానికి మనిషి కావాలి. రెండూ ఒకే గుండెలో ఉండే రాత్రులుంటాయి.

ఈ పేజీ చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఈ మధ్య బతుకు భారంగా ఉంటే, లేదా ఇంట్లో ఒకరి మాట తీరు మారి భయంగా ఉంటే, ఒక నంబరు రాసి పెట్టుకోండి. 14416. టెలి మానస్. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.