బొజ్జన్నకొండ
బొజ్జన్నకొండ, అనకాపల్లికి సమీపమున శంకరం గ్రామము వద్దనున్న ప్రాచీన బౌద్ధ క్షేత్రము. చోడవరం నుండి అనకాపల్లి మీదుగా ఇక్కడకు చేరవచ్చును. 2022 ఏప్రిల్ 4 వరకు ఈ ప్రాంతము విశాఖపట్నం జిల్లాలో ఉండెను. ప్రస్తుతము అనకాపల్లి జిల్లాలోనిది.

చరిత్ర
"సంఘారామము" అను పదమే వాడుకలో శంకరముగా మారినదని పండితుల అభిప్రాయము. 1907-08లో అలెగ్జాండర్ రీ ఇక్కడ త్రవ్వకాలు జరిపెను. సముద్రగుప్తుని బంగారు నాణెము లభించినది. కట్టడాలు క్రీ.శ. 4-9 శతాబ్దాల నాటివి.

విశేషాలు
తూర్పు కొండపై రాతిని తొలిచిన గుహలు, బుద్ధ విగ్రహాలు ఉన్నవి. పడమటనున్న లింగాలకొండపై ఏకశిలా స్తూపాలు వరుసలుగా కనబడును.

పరిరక్షణ
కనుమనాడు వచ్చు జనులు ఇక్కడి ఒక శిల్పమును రాక్షసునిగా భావించి రాళ్ళు రువ్వు ఆచారము ఉండెడిది. అందువలన శిల్పాలు దెబ్బతిన్నవి. ఈ క్షేత్రము కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది.