డిప్రెషన్‌కు ఫోన్ చికిత్స: అమీర్‌పేట హాస్టళ్లకు ఏ ఆధారం పనికొస్తుంది?

సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్ అమీర్‌పేట హాస్టళ్లలో దిగిన యువతకు దిగులో ఆందోళనో ముదిరితే ముందు చేతికి దొరికేది ఫోనే. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఒక్క మెట్రో స్టేషన్ దూరమే. కానీ సంగతి ఇంట్లో తెలుస్తుందన్న భయం ఉన్నచోట ఆ దూరం కూడా ఎక్కువే.

యాప్‌లతో మేలుందా? ఉంది, కొద్దిగా. 2017లో జోసెఫ్ ఫర్త్ బృందం డిప్రెషన్‌పై 18 ట్రయల్స్‌ను కలిపి విశ్లేషించింది. ఏ సాయమూ అందనివారితో పోల్చినప్పుడు ప్రభావం 0.56. అవతలివారికీ ఏదో ఒక కార్యక్రమం ఇచ్చి పోలిస్తే అది 0.22కు దిగింది. ఈ కొలతలో 0.2 అంటే స్వల్పం, 0.5 అంటే మధ్యస్థం. 2024లో 176 ట్రయల్స్‌తో వచ్చిన విశ్లేషణలో డిప్రెషన్‌కు 0.28, ఆందోళనకు 0.26 తేలింది. అయితే ట్రయల్‌లో చేరినవారికి యాప్ వాడమని పరిశోధకులు గుర్తుచేస్తూ ఉంటారు. మామూలు జనం వాడకాన్ని చూసిన 2019 అధ్యయనంలో, మానసిక ఆరోగ్య యాప్‌లను పదిహేను రోజుల తర్వాతా తెరుస్తున్నవారు నూటికి నలుగురే.

అందుకే పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ చేసిన 'స్మార్ట్ మెంటల్ హెల్త్' ప్రయోగం నాకు ముఖ్యమనిపిస్తుంది. అక్కడ ట్యాబ్ పట్టుకుని ఇంటికొచ్చి ప్రశ్నలడిగింది ఆశా కార్యకర్త. ఆ వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చేరేవి. డాక్టరు దగ్గరికి వెళ్లారా, మందులు వాడుతున్నారా అని ఆమే మళ్లీ వచ్చి కనుక్కునేది. 30 గిరిజన గ్రామాల్లో, సమస్య ఉన్నట్టు తేలినవారిలో వైద్యసేవ అందుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. పోల్చడానికి మరో వర్గం లేని అధ్యయనమది, కాబట్టి పూర్తి రుజువు కాదు. తర్వాత ఇదే పద్ధతిపై ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో 44 ఆరోగ్య కేంద్రాలతో జరిపిన ట్రయల్‌లో, 27 పాయింట్ల డిప్రెషన్ స్కోరు మామూలు సేవలు పొందినవారి కంటే సగటున 1.71 తక్కువగా నమోదైంది. అందులో అవగాహన ప్రచారం కూడా కలిసి ఉంది. మేలులో ట్యాబ్ వాటా ఎంతో, మనిషి వాటా ఎంతో విడదీయలేం.

పల్లె ఫలితాన్ని నగర హాస్టల్‌కు నేరుగా అంటించలేం. అయినా పలకరించే మనిషి, చూసే డాక్టరు ఉన్న పద్ధతినే ఇక్కడ పరీక్షించి చూడాలని నా అభిప్రాయం. వార్డెన్లు, కోచింగ్ సెంటర్లవారు ఆ పలకరింపు బాధ్యత తీసుకోవాలి. స్వల్ప ఆందోళనకు యాప్ వాడితే వాడండి. రెండు వారాలుగా నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే డాక్టరును కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే యాప్‌ను నమ్ముకుని కూర్చోవద్దు, వెంటనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడవచ్చు.