చాల్మర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ మాస్టర్సు ప్రవేశాలు

చాల్మర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం స్వీడన్ దేశంలో రెండవ పెద్ద నగరమైన గోథెన్‌బర్గ్‌లో ఉన్నది. ఇక్కడ ఆర్కిటెక్చరులో రెండు సంవత్సరాల మాస్టర్సు కోర్సులు ఆంగ్ల మాధ్యమంలో నడుస్తున్నవి. వీటిలో ప్రవేశానికి విశ్వవిద్యాలయానికి నేరుగా దరఖాస్తు పంపరు. దేశం మొత్తానికీ ఉన్న ఒకే ప్రవేశ విధానం ద్వారా దరఖాస్తు చేయాలి. ఇక్కడ ఆర్కిటెక్చర్ అనగా భవనాల, పట్టణాల రూపకల్పనకు సంబంధించిన విద్య. గృహవాస్తుతో దీనికి సంబంధం లేదు.

చరిత్ర

స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరుగా పనిచేసిన విలియం చాల్మర్స్ (1748-1811) చైనాలోని కాంటన్ రేవులో పలు సంవత్సరాలు వ్యాపార వ్యవహారాలు నిర్వహించాడు. పేద పిల్లలకు చేతిపనులు నేర్పే పాఠశాల కొరకు ఆయన తన ఆస్తిలో కొంత భాగాన్ని వీలునామా ద్వారా కేటాయించాడు. ఆ సొమ్ముతో 1829లో ప్రారంభమైన పాఠశాలే క్రమంగా విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 1994 నుండి ఇది ప్రభుత్వ యాజమాన్యం నుండి వేరుపడి ఒక ఫౌండేషన్ ఆధ్వర్యంలో నడుస్తున్నది. 2017లో ఆర్కిటెక్చర్, సివిల్ ఇంజనీరింగు శాఖలను కలిపి ఒకే శాఖగా చేశారు. స్వీడన్‌లో పేరొందిన ఆర్కిటెక్టు యర్ట్ వింగార్డ్ ఇక్కడి పూర్వవిద్యార్థి. యోహానెబెర్గ్ ప్రాంగణంలో 2001లో పూర్తయిన విద్యార్థి సంఘ భవనానికి రూపకల్పన చేసినది ఆయనే.

స్వీడన్‌లో ఆర్కిటెక్చర్ వృత్తివిద్యను బోధించే ఇతర సంస్థలు మూడు: స్టాక్‌హోంలోని కెటిహెచ్, లుండ్ విశ్వవిద్యాలయం, ఉమెయో విశ్వవిద్యాలయం. ఉమెయోలో ఈ విద్య 2009లో మొదలైనది.

కోర్సులు

చాల్మర్స్‌లో ఆర్కిటెక్చర్ పట్టభద్రుల కొరకు రెండు ప్రధాన మాస్టర్సు కోర్సులు ఉన్నవి.

* ఆర్కిటెక్చర్ మరియు పట్టణ రూపకల్పన: భవనం, నివాసం, నగరం అనే మూడు స్థాయిలలో రూపకల్పనపై దృష్టి పెడుతుంది.
* సుస్థిరతకు ఆవల ఆర్కిటెక్చర్, ప్రణాళిక: పర్యావరణం, సామాజిక న్యాయం, స్థానిక ప్రజల భాగస్వామ్యం వంటి అంశాలు దీనికి పునాది.

ఒక్కొక్క కోర్సు 120 క్రెడిట్లు. ఒక సెమిస్టరుకు 30 క్రెడిట్లు లెక్క. బోధనలో అధికభాగం స్టూడియో పద్ధతిలో, అనగా ఒక ప్రాజెక్టును చేపట్టి నమూనాలు, చిత్రాల ద్వారా దానిని అభివృద్ధి చేసే విధంగా సాగుతుంది. చివరి సెమిస్టరులో 30 క్రెడిట్ల సిద్ధాంత ప్రాజెక్టు ఉంటుంది.

అర్హతలు

ఆర్కిటెక్చర్ ప్రధానాంశంగా బ్యాచిలర్ పట్టా ఉండాలి. స్వీడన్‌లో బ్యాచిలర్ పట్టాకు మూడు సంవత్సరాలు, 180 క్రెడిట్లు సరిపోతాయి. భారతదేశంలో బి.ఆర్క్. ఐదు సంవత్సరాల కోర్సు. కనుక విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (2008), హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (2008) వంటి సంస్థల పట్టభద్రులు కాలపరిమితి విషయంలో కనీస అర్హతను దాటినవారే. అయినా అదనంగా చదివిన రెండు సంవత్సరాల వలన మాస్టర్సు కాలం తగ్గదు.

ఆంగ్ల భాషా పరిజ్ఞానాన్ని నిరూపించాలి. ఐఇఎల్‌టిఎస్ అకడమిక్ పరీక్షలో మొత్తం మీద 6.5, ఏ విభాగంలోనూ 5.5కు తగ్గని స్కోరు ఉండాలి.

పోర్ట్‌ఫోలియో

ఆర్కిటెక్చరుకు కీలకమైనది పోర్ట్‌ఫోలియో. ఇది అభ్యర్థి చేసిన రూపకల్పనల సంకలనం. పుటల సంఖ్య, ఫైలు పరిమాణం వంటి నియమాలను ఆయా సంవత్సరపు కోర్సు ప్రకటనలో చూసి పాటించాలి. ప్రతి ప్రాజెక్టు వద్ద అది తరగతి పనియా, ఉద్యోగంలో చేసినదా, బృందంలో చేసినదైతే అభ్యర్థి వాటా ఎంత అనేది స్పష్టంగా వ్రాయడం అవసరం. పూర్తయిన భవనపు చిత్రాలతో పాటు ఆలోచన ఏ విధంగా రూపుదిద్దుకొన్నదో తెలిపే చిత్తుచిత్రాలు, నమూనాలు కూడా చేర్చడం మేలు.

దరఖాస్తు విధానం

విదేశీ అభ్యర్థుల దరఖాస్తులను స్వీడిష్ ఉన్నత విద్యామండలి నిర్వహించే జాతీయ ప్రవేశాల వెబ్‌సైటు ద్వారా స్వీకరిస్తారు. ఆగస్టు చివర మొదలయ్యే విద్యాసంవత్సరానికి సాధారణ క్రమం ఇది:

* అక్టోబరు మధ్యలో: దరఖాస్తుల స్వీకరణ ప్రారంభం
* జనవరి మధ్యలో: దరఖాస్తుకు గడువు
* ఫిబ్రవరి మొదట్లో: పత్రాలు, దరఖాస్తు రుసుము అందవలసిన గడువు
* మార్చి చివర లేదా ఏప్రిల్ మొదట్లో: ఫలితాలు

ఐరోపా సమాఖ్య పరిసర దేశాలకు చెందని అభ్యర్థులకు దరఖాస్తు రుసుము 900 స్వీడిష్ క్రోనార్లు. ఈ ఒక్క రుసుముతో వేర్వేరు విశ్వవిద్యాలయాలలో నాలుగు మాస్టర్సు కోర్సుల వరకు ఎంచుకొనవచ్చు.

ఎంపికల వరుస

నాలుగు కోర్సులకు అభ్యర్థి తానే ప్రాధాన్యక్రమం ఇవ్వాలి. పై వరుసలోని కోర్సులో సీటు వస్తే దాని క్రింద ఉన్న ఎంపికలన్నీ రద్దవుతాయి. అవి తిరిగి రావు. ఉదాహరణకు స్టాక్‌హోం కోర్సును మొదట, చాల్మర్స్‌ను రెండవదిగా పెట్టినవారికి స్టాక్‌హోంలో సీటు లభిస్తే చాల్మర్స్ ఫలితం పరిశీలనకే రాదు. ఒక కోర్సులో ప్రవేశానికి అర్హతలే ప్రమాణం. దానిని ఎన్నవ స్థానంలో పెట్టారన్నది ఎంపికపై ప్రభావం చూపదు. అందువలన సీటు సులభంగా వస్తుందనే అంచనాతో ఇష్టం లేని కోర్సును పైన పెట్టడం నష్టదాయకం. విద్యార్థివేతనం విషయం మాత్రం వేరు. పలు స్వీడిష్ విశ్వవిద్యాలయాలు తమ కోర్సును మొదటి ఎంపికగా పెట్టినవారికే వేతనం ఇస్తాయి కనుక ఆ నియమాన్ని వరుస నిర్ణయించుకొనక ముందే చూడాలి.

పత్రాలు

పట్టా, అన్ని సెమిస్టర్ల మార్కుల జాబితాలు, పాస్‌పోర్టు, భాషాపరీక్ష ఫలితం, పోర్ట్‌ఫోలియో ప్రధానమైనవి. నకళ్ళ నుండి కాక అసలు పత్రాల నుండే రంగులలో స్కాన్ చేయాలి. చివరి సంవత్సరం చదువుతున్నవారు అప్పటివరకు వచ్చిన మార్కులతో పాటు, చదువు ఎప్పుడు ముగియనున్నదో తెలిపే పత్రాన్ని తమ విశ్వవిద్యాలయం నుండి పొందాలి. తెలుగువారి మార్కుల జాబితాలలో ఇంటిపేరు తరచుగా పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే దరఖాస్తు నింపి, తేడా ఉంటే దానిని వివరించే పత్రాన్ని జతపరచడం మంచిది.

ఫీజులు

2011 శరత్కాలం వరకు స్వీడన్‌లో విదేశీయులకు కూడా బోధనా ఫీజు లేదు. 2010లో చేసిన చట్టంతో ఐరోపా సమాఖ్య, ఐరోపా ఆర్థిక ప్రాంతం, స్విట్జర్లాండ్‌లకు వెలుపలివారికి 2011 శరత్కాలం నుండి ఫీజులు విధించారు. స్టూడియో బోధన ఖర్చుతో కూడినది కనుక ఆర్కిటెక్చర్ ఫీజు సాధారణ ఇంజనీరింగు కోర్సుల కన్నా ఎక్కువ. సీటు వచ్చిన తరువాత మొదటి విడత ఫీజు చెల్లించి, ఆపై వలస వ్యవహారాల సంస్థకు నివాస అనుమతి కొరకు దరఖాస్తు చేయాలి. బస, భోజనాలకు సరిపడే సొమ్ము తన వద్ద ఉన్నదని అభ్యర్థి అప్పుడు చూపవలసి ఉంటుంది.

పట్టా విలువ

స్వీడన్‌లో ఆర్కిటెక్టుల వృత్తి పట్టా ఐదు సంవత్సరాలది, 300 క్రెడిట్లది. రెండు సంవత్సరాల మాస్టర్సు పూర్తిచేసినవారికి లభించేది మాస్టర్ పట్టాయే గాని ఆ వృత్తి పట్టా కాదు. ఐరోపా దేశాలలో వృత్తి గుర్తింపు కోరేవారు ఈ భేదాన్ని ముందుగానే తెలుసుకొనాలి. స్వీడన్‌లో ఆర్కిటెక్టు అనే పేరుకు చట్టరీత్యా రక్షణ లేదు. అయితే అక్కడి ఆర్కిటెక్టుల సంఘం తగిన చదువు, పని అనుభవం ఉన్న సభ్యులకు ఎస్ఎఆర్/ఎంఎస్ఎ అనే గుర్తింపును ఇస్తుంది. భారతదేశంలో 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వద్ద నమోదుకు గుర్తింపు పొందిన బి.ఆర్క్. పట్టాయే చాలును. అందుకు విదేశీ మాస్టర్సు అవసరం లేదు.

ఇవి కూడా చూడండి

* గోథెన్‌బర్గ్
* స్వీడన్
* స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, విజయవాడ