కక్కు

"నెత్తురు కక్కుకుని చస్తావ్" అనేది పాత తిట్టు. కక్కు ద్రావిడ మాట. తమిళ, కన్నడాల్లోనూ వాంతి చేసుకోవడమనే అర్థం. దగ్గితే నెత్తురు పడ్డా మనం అదే మాట అంటాం. చిక్కంతా అక్కడే. బసంత్‌నగర్ సిమెంటు కార్మికుడైనా, గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుడైనా "నెత్తురు కక్కిన" అంటే అది పొట్టదో ఊపిరితిత్తులదో డాక్టరుకు తెలియదు. దగ్గుతో, తెమడతో ఎర్రగా, నురగగా వచ్చేది ఊపిరితిత్తులది. వాంతిలో నల్లబారి వచ్చేది ఎక్కువగా కడుపుది. క్షయ నయమయ్యాక ఊపిరితిత్తుల్లో మిగిలిన గుల్లల నుంచి ఏళ్ల తర్వాత కూడా మళ్లీ మళ్లీ నెత్తురు పడొచ్చు. ప్రతిసారీ జబ్బు తిరగబెట్టినట్టు కాదు, అయినా తెమడ పరీక్ష తప్పదు. తిట్టుకు జడిసి దాచుకోకండి. "దగ్గితే పడింది, ఇన్ని చెంచాలు" అని చెప్పండి. గ్లాసెడు పడితే వెంటనే ఆస్పత్రికి పోండి.